సైక్లోన్: మన తీరం ఇంగ్లీషుకిచ్చిన మాట

(ద్రాక్షారామంలో మాస్టారి వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసం, పూర్తి పాఠం)



మాస్టారు ఈ ఊళ్లో ఇంగ్లీషు చెప్పారు. ఎంతమందికి చెప్పారో లెక్క తేలదు గాని, ముందు వరుసలో కూర్చున్న పెద్దమనుషుల్లో సగంమంది ఆయనచేత చెవి మెలిపెట్టించుకున్నవారే. పాఠంలో కొత్త మాట వస్తే ఆయన ముందు అర్థం చెప్పేవారు కాదు. దానిది ఏ ఊరు, ఎవరి తాలూకు, ఎవరింటినుంచి ఎవరింటికి వెళ్లింది అని అడిగేవారు. మాట ఊరు తెలిస్తే అర్థం మరిచిపోమన్నా మరిచిపోలేమని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని ఈ సాయంత్రం ఒక్క మాటమీద పరీక్షించి చూద్దామని వచ్చాను.

మాటల రాకపోకలు ఈ ఊరికి కొత్త కాదు. మన ఊరి పేరులో ద్రాక్ష ఉంది గాని, ఊళ్లో ద్రాక్షతోట వెతికినా కనబడదు. భీమేశ్వరుడి గుడి శాసనాల్లో ఉన్నది దక్షారామం, దాక్షారామం. శ్రీనాథుడు భీమేశ్వర పురాణంలో దక్షవాటి అని కూడా అన్నాడు. జనం నోళ్లలో నాని నాని దక్షుడు ద్రాక్ష అయ్యాడు. పేరు మారినా స్థలం మారలేదు. కొన్ని మాటల విషయంలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. మాట అలాగే ఉంటుంది, దాని వెనకున్న స్థలాన్ని మాత్రం అందరూ మరిచిపోతారు. ఇవాళ నేను మాట్లాడబోయేది అలాంటి మాట గురించి.

ఆ మాట సైక్లోన్. ఇంగ్లీషు అక్షరం రాని వారికి కూడా మన జిల్లాలో ఈ మాట తెలుసు. సైక్లోన్ షెల్టరు, సైక్లోన్ వార్నింగు, సైక్లోన్ రిలీఫు, ఇవన్నీ ఇక్కడ తెలుగు మాటలుగానే చెలామణి అవుతాయి. నిఘంటువు తెరిస్తే గ్రీకు మూలం అని ఉంటుంది. పుస్తకాలు చూస్తే కలకత్తాలో పుట్టిందని ఉంటుంది. రెండూ నిజమే. కానీ ఆ మాట పుట్టడానికి కారణమైన నీళ్లు మనవి. గుడి తూర్పు వాకిట్లో నిలబడి నేరుగా తూర్పుకు గీత గీస్తే 20 కిలోమీటర్లు తిరక్కుండానే కోరంగి వస్తుంది. ఈ కథలో సగం అక్కడ జరిగింది.

మాట లేని కాలం

రెండు వందల ఏళ్ల కిందట సముద్రంమీద పెద్ద గాలి వస్తే ఓడ కెప్టెన్లు దాన్ని ఏ సముద్రంలో ఉంటే ఆ సముద్రపు పేరుతో పిలిచేవారు. కరీబియన్ దీవుల దగ్గర అది హరికేన్. ఆ దీవుల్లోని తైనో జనం మాట స్పెయిన్‌వాళ్ల నోట పడి ఇంగ్లీషుకు వచ్చింది. చైనా సముద్రంలో అది టైఫూన్. ఇందులో అరబ్బీ తూఫాన్ ఉంది, చైనావాళ్ల పెద్దగాలి మాట ఉంది, గ్రీకు పురాణాల్లోని టైఫన్ అనే రాక్షసుడు కూడా ఉన్నాడు. మూడూ కలిసిపోయి ఏది ఎంతో చెప్పలేనట్టు తయారైంది. ఆ అరబ్బీ తూఫానే పారశీకం, ఉర్దూల మీదుగా మన తుపాను అయింది. అంతకుముందునుంచీ మనకున్న మాట గాలివాన. అందులో దాపరికం ఏమీ లేదు, గాలి ఉంది, వాన ఉంది.

ఇన్ని పేర్లున్నా ఒక సంగతి చాలామందికి తెలియలేదు. ఇవన్నీ ఒకటేనని. హరికేన్ వేరు, టైఫూన్ వేరు, బంగాళాఖాతంలో వచ్చేది మరొకటి అనుకునేవారు. అసలు అందులో గాలి ఎటునుంచి ఎటు వీస్తుందో కూడా తెలియదు. ఒక దిక్కునుంచి బయలుదేరి మరో దిక్కుకు తిన్నగా పోతుందనుకునేవారు. తిన్నగా పోయేదైతే ఓడ తెరచాప ఎత్తి దానితోపాటు పరుగెడితే చాలు. అలా పరుగెత్తిన ఓడలు చాలా మునిగాయి.

అమెరికాలో విలియం రెడ్‌ఫీల్డ్ అని ఒకాయన ఉండేవాడు. చిన్నప్పుడు గుర్రపు జీనుల పని నేర్చుకున్నవాడు. 1821 సెప్టెంబరులో పెద్ద గాలివాన వెళ్లిపోయాక ఆయన ఊళ్లెమ్మట తిరుగుతూ పడిపోయిన చెట్లు చూశాడు. ఒక ప్రాంతంలో చెట్లన్నీ ఒక దిక్కుకు పడ్డాయి, కొంతదూరం పోయాక దానికి సరిగ్గా ఎదురు దిక్కుకు పడ్డాయి. గాలి గుండ్రంగా తిరిగితే తప్ప అలా పడవు. పదేళ్లు ఆలోచించి 1831లో ఆ సంగతి అచ్చువేశాడు. అదే ఏడాది బార్బడోస్ దీవిని హరికేన్ తుడిచిపెట్టింది. అక్కడ పడిపోయిన కట్టడాలు తిరిగి కట్టించడానికి వెళ్లిన విలియం రీడ్ అనే సైనిక ఇంజినీరు ఓడల లాగ్‌బుక్కులు పోగుచేసి, రెడ్‌ఫీల్డ్ చెప్పింది నిజమేనని 1838లో పుస్తకం రాశాడు. ఆ పుస్తకం కలకత్తాలో ఒక మాజీ ఓడ కెప్టెను చేతిలో పడింది. ఆయన హెన్రీ పిడింగ్టన్.

కోరంగి సాక్ష్యం

పిడింగ్టన్ 1797లో ఇంగ్లండులో పుట్టాడు. వ్యాపారపు ఓడలు నడిపి, చివరికి కలకత్తాలో స్థిరపడ్డాడు. ఓడ ప్రమాదాలమీద విచారణ జరిపే మెరైన్ కోర్టుకు అధ్యక్షుడుగా పనిచేశాడు. మునిగిన ఓడల కథలు వినడమే ఆయన ఉద్యోగం. రీడ్ పుస్తకం చదివాక ఆయన బంగాళాఖాతపు తుపానులన్నిటికీ ఈ లెక్క సరిపోతుందో లేదో చూడాలనుకున్నాడు. కెప్టెన్లను లాగ్‌బుక్కులు అడిగి తెప్పించుకుని, ఏ రోజు ఏ గంటకు ఏ ఓడ ఎక్కడుంది, గాలి ఎటునుంచి కొట్టింది అని ఒక్కొక్కటీ పటంమీద గుర్తు పెట్టాడు. 1839నుంచి 1858లో చనిపోయేదాకా బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో సుమారు 40 వ్యాసాలు రాశాడు. వాటిలో తొలినాళ్లదొకటి 1839 నవంబరులో కోరంగిని ముంచిన తుపాను గురించి.

ఇవాళ కోరంగి అంటే మడ అడవి, చెక్కల వంతెన, ఆదివారం పిక్నిక్కు. అప్పుడది ఓడరేవు. మద్రాసుకూ కలకత్తాకూ మధ్య ఓడల మరమ్మతులకు పేరున్న చోటు. పక్కనే తాళ్లరేవు, ఓడలు కట్టే వడ్రంగుల ఊరు. ఒకపక్క యానాంలో ఫ్రెంచివాళ్లు, మరోపక్క ఇంజరంలో ఇంగ్లీషువాళ్లు. ఇక్కడినుంచి బర్మాకు జనం ఎంతగా వెళ్లారంటే, అక్కడివాళ్లు తెలుగువాడిని చూస్తే కోరంగీ అనేవారు. శ్రీకాకుళంవాడైనా సరే, విశాఖవాడైనా సరే, రంగూన్ రేవులో దిగితే కోరంగీయే. ఒక రేవు పేరు ఒక జాతి పేరు అయిందంటే ఆ రేవు ఎంత బతికిందో అర్థం చేసుకోవచ్చు.

ఆ రేవుకు 1839 రెండో దెబ్బ. అంతకు 50 ఏళ్ల ముందు, 1789 డిసెంబరులో, ఒకసారి పోయింది. ఆనాటి సంగతి ఒక ఫ్రెంచి నావికుడు రాసినది పిడింగ్టన్ తన పుస్తకంలో చేర్చాడు. సముద్రం నిండు పోటుమీద ఉంది. గాలి నీటిని అఖాతం మూలకు తోస్తోంది. అప్పుడు ఒకదాని వెనక ఒకటి మూడు పెద్ద కెరటాలు వచ్చాయి. మొదటిది ఊళ్లోకి కొన్ని అడుగుల నీరు తెచ్చింది. రెండోది చుట్టుపక్కల పల్లపు భూములన్నీ ముంచింది. మూడోది మిగిలినదాన్ని తీసుకుపోయింది. కోరంగి ఉన్నది కాకినాడ అఖాతానికి దక్షిణపు కొసన, సంచీకి అడుగులా ఉండే చోట. నీరు వస్తే వెనక్కు పోయే దారి లేదు.

ఈ రెండు తేదీలూ మనం గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లీషు నిఘంటువులో సైక్లోన్ పక్కన గ్రీకు మూలం రాసి ఉంటుంది గాని, ఆ మాట కట్టిన పిడింగ్టన్ బల్లమీద పరిచి ఉన్న కాగితాల్లో కోరంగి కాగితాలు ఉన్నాయి.

పాము చుట్ట

1848లో పిడింగ్టన్ ఓడ కెప్టెన్ల కోసం ఒక చిన్న పుస్తకం వేశాడు. పేరు సెయిలర్స్ హార్న్‌బుక్. హార్న్‌బుక్ అంటే ఇంగ్లండులో పూర్వం పిల్లలు అక్షరాలు దిద్దే పలక. అక్షరాల కాగితం చిరక్కుండా దానిమీద పలచగా చెక్కిన కొమ్ము రేకు బిగించేవారు. పిడింగ్టన్ పుస్తకంతోపాటు అలాంటి పారదర్శకపు కొమ్ము రేకులే రెండు ఇచ్చాడు, భూమధ్యరేఖకు ఉత్తరాన వాడేది ఒకటి, దక్షిణాన వాడేది మరొకటి. వాటిమీద గాలి తిరిగే దిక్కులు గీసి ఉంటాయి. కెప్టెను దాన్ని తన పటంమీద పెట్టి, తనకు తగిలే గాలి దిక్కుతో సరిపోల్చుకుంటే తుపాను నడిబొడ్డు ఎటుందో తెలుస్తుంది.

ఈ పుస్తకంలోనే ఆయన సైక్లోన్ మాట కట్టాడు. సర్కిల్ అని ఎందుకనలేదంటే, అది నిజమైన వలయమని ఆయన ఒప్పుకోలేదు. గాలి తిరుగుతుంది గాని బయలుదేరిన చోటికే తిరిగి రాదు, లోపలికి చుట్టుకుంటుంది. అందుకని గ్రీకులో పాము చుట్టకు కూడా వాడే మాట తీసుకున్నాడు. ఆయన గ్రీకు పండితుడు కాడు, మాట కట్టిన తీరు వ్యాకరణానికి నిలవదని తరవాతి నిఘంటుకారులు తేల్చారు. ఓడ నడిపేవాడికి వ్యాకరణంతో పనేముంది? పాము చుట్ట అనగానే ఆకారం కళ్లకు కడుతుంది, అది చాలు.

ఆ ఆకారానికి ఆయన చూపిన గొప్ప సాక్ష్యం చార్లెస్ హెడిల్ అనే ఓడ. 1845లో మారిషస్ దగ్గర తుపానులో చిక్కి, గాలితోపాటే పరుగెత్తింది. అయిదు రోజులు ఆగకుండా పరుగెత్తి, చివరికి చూసుకుంటే మొదలుపెట్టిన చోటికి పెద్దగా దూరం పోలేదు. తుపాను చుట్టూ అయిదుసార్లు తిరిగింది. లాగ్‌బుక్కు చూసి పటంమీద గీస్తే గీత చుట్టలు చుట్టలుగా వచ్చింది.

గుడి ఊళ్లో ఉన్నాం కాబట్టి ఇంకో మాట చెబుతాను. చార్లెస్ హెడిల్ తిరిగింది ప్రదక్షిణంగా. భూమధ్యరేఖకు దక్షిణాన తుపానులు అలాగే తిరుగుతాయి. మన బంగాళాఖాతంలో అప్రదక్షిణంగా తిరుగుతాయి. అందువల్ల మన తీరంలో గాలికి ఎదురుగా మొహంపెట్టి నిలబడితే తుపాను నడిబొడ్డు కుడిచేతివైపు, కాస్త వెనగ్గా ఉంటుంది. ఉత్తరపు గాలి కొడుతుంటే అది తూర్పున సముద్రంలో ఉన్నట్టు. ఉన్నట్టుండి గాలి ఆగి ఆకాశం తేటపడితే, తుపాను పోయిందని బయటికి రాకూడదు. దాని కంట్లో ఉన్నామన్నమాట. కాసేపట్లో దక్షిణపు గాలి మొదలవుతుంది. పిడింగ్టన్ కెప్టెన్లకు కొమ్ము రేకులతో నేర్పిన పాఠం ఇదే. మాట ఆకారాన్ని చెప్పింది, ఆకారం దారి చెప్పింది.

దాయాదులు, దత్తులు

మాటకు ఊరు తెలిసింది. ఇక బంధువుల సంగతి చూద్దాం. సైక్లోన్‌కు తల్లి అయిన గ్రీకు మాటా, మన సంస్కృతపు చక్రమూ ఒకే పూర్వపు మాటనుంచి వచ్చినవని భాషా శాస్త్రజ్ఞులు ఎప్పుడో తేల్చారు. ఇంగ్లీషు వీల్ కూడా ఆ కుటుంబమే. కాబట్టి మీరు ఎక్కి వచ్చిన సైకిలూ, మన ఇళ్లమీదికొచ్చే సైక్లోనూ, విష్ణుమూర్తి చేతిలో చక్రమూ దాయాదులు. ఇంకో విశేషం, సంస్కృతంలో చక్రవాతం అనే మాట ముందునుంచీ ఉంది. భాగవతం దశమ స్కంధంలో తృణావర్తుడు చక్రవాతం రూపంలో వచ్చి చంటి కృష్ణుణ్ణి ఎత్తుకుపోతాడు. అది దుమ్ము లేపే సుడిగాలి, సముద్రపు తుపాను కాదు. కానీ గాలిని చక్రంగా చూసిన కన్ను మనకు పాతదే. పిడింగ్టన్ కలకత్తాలో ఆ గ్రీకు మాటతో ఇంగ్లీషుకు కొత్త మాట కట్టిన చాలాకాలానికి, హిందీవాళ్లు అదే చక్రవాతాన్ని సైక్లోన్‌కు వాడుతున్నారు.

మనం మరో దారి పట్టాం. వాతావరణ శాఖ డిప్రెషన్ అంటే మన పత్రికలు వాయుగుండం అన్నాయి. గోదావరి దాటేవాడికి సుడిగుండం తెలుసు. పడవలవాళ్లు దాన్ని చూసి పక్కకు తప్పుకుంటారు. ఆ మాటలో నీటి బదులు గాలిని పెడితే వాయుగుండం. పిడింగ్టన్‌కు చుట్ట కనబడింది, మనకు గుండం కనబడింది. మధ్యలోకి లాక్కునే గుణం మన మాటలో ఇంకాస్త బాగా పలికింది.

మాట ఇంగ్లీషులో చేరాక దాని సంసారం పెరిగింది. 1863లో ఫ్రాన్సిస్ గాల్టన్ దానికి వ్యతిరేకంగా యాంటీసైక్లోన్ అని కట్టాడు. గాలి ఎదురు తిరిగి, ఆకాశం తేటగా ఉండే అధిక పీడనానికి ఆ పేరు. అమెరికా మధ్య రాష్ట్రాల్లో జనం నేలమీద వచ్చే టోర్నడోను కూడా సైక్లోనే అన్నారు. 1900లో వచ్చిన ఓజ్ మాంత్రికుడి కథలో కాన్సస్ పిల్లను ఇంటితోసహా ఎత్తుకుపోయేది ఆ సైక్లోనే. మన రామచంద్రపురం, మండపేట చుట్టూ రైసుమిల్లుల్లో పనిచేసినవారికి మరో సైక్లోన్ తెలుసు. పైన పీపాలా, కింద గరాటులా ఉండే రేకు గొట్టం. దుమ్ముతో నిండిన గాలి పక్కనుంచి లోపలికి పోయి గిర్రున తిరుగుతుంది, బరువైన పొట్టూ దుమ్మూ అంచులకు కొట్టుకుని కిందికి జారతాయి, తేలిక గాలి మధ్యలోంచి పైకి పోతుంది. గుల్ల చేసే గాలిని మిల్లువాళ్లు పనిలో పెట్టారు.

మన సాహిత్యంలో కూడా గాలివాన, సైక్లోన్ అనే రెండు మాటలూ ఒకచోట ఎదురుపడ్డాయి. పాలగుమ్మి పద్మరాజు గారి గాలివాన కథకు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. ఇంగ్లీషులో దానికి పేరు సైక్లోన్. పద్మరాజు గారు పశ్చిమ గోదావరివారు. గాలివాన ఆయనకు పుస్తకాల్లో చదివిన సంగతి కాదు.

గాలి ఒకటి, నీరు ఒకటి

ఇక్కడిదాకా చెప్పింది మాట గొప్పతనం. ఇప్పుడు దాని లోటు చెప్పాలి. ఈ ఉపన్యాసానికి నేను ఒప్పుకున్నది ఆ లోటు గురించి చెప్పడానికే.

సైక్లోన్ ఓడల కోసం పుట్టిన మాట. ఓడకు శత్రువు గాలి. గాలి ఏ ఆకారంలో ఉందో, ఎటు తిరుగుతుందో తెలిస్తే ఓడ తప్పుకోవచ్చు. ఊరు తప్పుకోలేదు. ఒడ్డున ఉన్న ఊరికి శత్రువు నీరు. కోరంగిలో 1789లో, 1839లో జనాన్ని తీసుకుపోయింది నీరు. గాలికి ఇళ్లు పడతాయి, చెట్లు పడతాయి. జనం వేలల్లో పోయారంటే అది దాదాపు ఎప్పుడూ నీటివల్లే. ఆ నీటికి సైక్లోన్ అనే మాటలో చోటు లేదు.

పిడింగ్టన్‌కు ఇది తెలుసు. గాలికి సైక్లోన్ అని పేరు పెట్టినాయనే, నీటికి స్టార్మ్ వేవ్ అని వేరే పేరు వాడాడు. 1853లో కలకత్తాకు దక్షిణాన మాతలా నదిమీద కొత్త రేవు కట్టాలని ప్రభుత్వం తలపెడితే, ఆయన గవర్నర్ జనరల్ డల్హౌసీకి ఒక బహిరంగ లేఖ రాశాడు. ఆ చోట రేవు కడితే ఏదో ఒకనాడు తుపాను నీరు దాన్ని ముంచుతుందని హెచ్చరించాడు. వినలేదు. పోర్ట్ క్యానింగ్ కట్టారు, రైలు వేశారు. 1867 నవంబరులో నీరు వచ్చింది. కొన్నేళ్లకు రేవు ఎత్తేశారు. అప్పటికి పిడింగ్టన్ పోయి తొమ్మిదేళ్లు. ఆయన పెట్టిన మొదటి పేరు ప్రపంచమంతా తీసుకుంది. రెండో మాట కోసం చేసిన హెచ్చరికను పక్కన పెట్టింది.

మనకు ఆ రెండో మాట ముందునుంచీ ఉంది. ఉప్పెన. తెలుగు దేశంలో సముద్రపొడ్డున పుట్టిన పిల్లవాడికి దాని అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. అది కెరటం కాదు. సముద్రమే లేచి ఊళ్లోకి రావడం. కెరటం వస్తుంది, పోతుంది. ఉప్పెన వచ్చి నిలబడుతుంది, దాని పైన మళ్లీ కెరటాలు వస్తాయి. ఇంగ్లీషులో రెండు మాటలు కలిపి చెప్పేదాన్ని మనం ఒక్క మాటలో చెబుతాం.

1977 నవంబరు 19 సంగతి చూడండి. తుపాను నడిబొడ్డు తీరం దాటింది చీరాల వైపు. ఉప్పెన వచ్చింది దానికి ఈశాన్యాన ఉన్న దివిసీమకు. పోయినవారు సుమారు పదివేలు. ఇది వింత కాదు. అప్రదక్షిణంగా తిరిగే తుపాను పడమరకు నడుస్తూ మన తీరం దాటేటప్పుడు, దాటిన చోటికి ఉత్తరాన గాలి సముద్రంనుంచి నేలమీదికి తోస్తుంది, దక్షిణాన నేలమీదినుంచి సముద్రంలోకి తోస్తుంది. నీరు ఉత్తరపు వైపే ఎక్కుతుంది. కానీ మనం వార్తల్లో వినేది ఏమిటి? ఎక్కడ తీరం దాటుతుంది, ఎంత వేగంతో గాలి వీస్తుంది. తీరం దాటేది మన ఊళ్లో కాదని విన్నవాడు గుండెమీద చెయ్యేసుకుని పడుకుంటాడు. దివిసీమలో పడుకున్నవారు లేవలేదు.

మన కోనసీమకు 1996 నవంబరు 6 రాత్రి ఉంది. ఇక్కడ కాలాన్ని ఇప్పటికీ తుపాను ముందు, తుపాను తరవాత అని కొలుస్తారు. వెయ్యిమందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి మత్స్యకార గ్రామాల్లో వేటకు వెళ్లినవారు తిరిగిరాని ఇళ్లున్నాయి. లక్షల కొబ్బరిచెట్లు పడ్డాయి. నాటిన మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది కాబట్టి దింపు కార్మికులకు ఏళ్లతరబడి చెట్టెక్కే పని లేకపోయింది. ఆ తుపానుకు పేరు కూడా లేదు. ఉత్తర హిందూ మహాసముద్రంలో తుపానులకు పేర్లు పెట్టడం 2004లో మొదలైంది. అంతకుముందు వచ్చినవాటికి అవి ముంచిన సీమల పేర్లే మిగిలాయి. దివిసీమ ఉప్పెన, కోనసీమ తుపాను. ఆ రెండు పేర్లు పక్కపక్కన పెట్టి చూడండి. నీరు తీసుకుపోయిన చోట జనం ఉప్పెన అన్నారు. గాలి కూలగొట్టిన తోటలు కళ్లముందున్న చోట తుపాను అన్నారు. పేరు పెట్టడంలో జనం పొరబడరు.

ఇప్పుడున్న కొలత చూడండి. గాలి గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50 దాటితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను. 222 దాటితే సూపర్ సైక్లోన్. మెట్లన్నీ గాలివే. నీటికి మెట్టు లేదు. నీరు ఎంత లేస్తుందో వాతావరణ శాఖ బులెటిన్‌లో వేరే వరసలో ఉంటుంది, పోటుకంటే ఇన్ని మీటర్లు అని. అది టీవీకి వచ్చేసరికి అలలు ఎగసిపడతాయి అవుతుంది. అలలు ఎగసిపడితే చూడ్డానికి జనం ఒడ్డుకు వెళతారు. ఉప్పెన వస్తుందంటే ఒడ్డునుంచి వెళ్లిపోతారు. ఒక మాటకూ ఇంకో మాటకూ తేడా ఇంత.

ఈ తేడా మన ఊహ కాదు. 2013 నవంబరు 8న ఫిలిప్పీన్స్‌ను హయాన్ తుపాను కొట్టింది. తక్లోబాన్ నగరంలో హెచ్చరిక ముందే అందింది. స్టార్మ్ సర్జ్ వస్తుందని ఇంగ్లీషులో చెప్పారు. ఆ మాట చాలామందికి తెలియదు. గాలి గురించి అనుకుని గట్టి ఇళ్లలో తలుపులు వేసుకుని కూర్చున్నారు. దేశం మొత్తంమీద 6 వేలమందికి పైగా పోయారు. సునామీ అని చెప్పి ఉంటే పరుగెత్తేవాళ్లమని బతికినవారు అన్నారు. తరవాత అక్కడివాళ్లు తమ భాషల్లో సరైన మాట కోసం వెతుక్కున్నారు. మనకు వెతుక్కునే పని లేదు. ఉన్న మాట వాడితే చాలు.

కానీ ఉన్న మాటను మనం అరగదీశాం. జనం ఉప్పెన, అభిమానుల ఉప్పెన, ఓట్ల ఉప్పెన. సినిమా పేరు ఉప్పెన. సముద్రానికి దూరంగా పెరిగే పిల్లలకు ఉప్పెన అంటే ఎక్కువ అని మాత్రమే అర్థమయ్యే రోజు వస్తోంది. మాటను అలంకారానికి వాడొద్దని నేననను. అసలు అర్థంలో కూడా వాడమంటాను, హెచ్చరికలో, పాఠంలో, బోర్డుమీద.

చేయదగ్గవి

ఈ సభలో హైస్కూలు పిల్లలున్నారు, పంచాయతీ పెద్దలున్నారు. నాకున్న రెండు మనవులు చెప్పి ముగిస్తాను.

మొదటిది పిల్లలకు. భైరవపాలెం, కోరంగి, అంతర్వేది, ఓడలరేవు పల్లెల్లో వేటకు వెళ్లే పెద్దల దగ్గర గాలికీ, నీటికీ, పోటుకూ, పాటుకూ ఎన్ని పేర్లున్నాయో రాసుకురండి. ఏ గాలి ఏ దిక్కుది, అది కొడితే వల వేస్తారా, పడవ ఒడ్డుకు లాగుతారా అడగండి. పిడింగ్టన్ చేసింది అదే. ఓడలు నడిపినవారి మాట పోగుచేశాడు. ఆయనకు కెప్టెన్ల లాగ్‌బుక్కులు దొరికాయి. మన మరకాళ్లకు లాగ్‌బుక్కు లేదు, వారి నోటిలో ఉన్నదే లెక్క. వారు పోతే ఆ మాటలూ పోతాయి. ఒక నోటుబుక్కు నిండితే అది ఏ పరీక్ష జవాబుకన్నా తీసిపోదు.

రెండోది పెద్దలకు. మన గుడి రాళ్లమీద కొన్ని వందల శాసనాలున్నాయి. ఎవరు ఎన్ని పశువులిచ్చి అఖండ దీపం పెట్టించారో, ఏ రాజు ఏ ఏట ఏమిచ్చాడో ఇప్పటికీ చదవవచ్చు. ఏ ఏట నీరు ఎంతవరకూ వచ్చిందో చెప్పే రాయి మాత్రం ఈ సీమలో నా కంటపడలేదు. జపానులో అనెయోషి అనే చిన్న పల్లెలో 1933 సునామీ తరవాత ఒక రాయి పాతారు, దీనికి కింద ఇళ్లు కట్టవద్దని. 2011లో వచ్చిన నీరు ఆ రాయికి కిందనే ఆగింది. పల్లె బతికింది. మన తీరగ్రామాల్లో 1996 రాత్రి నీరు ఎక్కడిదాకా వచ్చిందో చూసినవారు ఇంకా ఉన్నారు. వారిని పిలిచి, వారు చూపించిన చోట బడి గోడమీదో, రామాలయం అరుగుమీదో, చర్చి మెట్టుమీదో ఒక గీత గీయించి, తేదీ చెక్కించండి. పక్కన ఒక్క మాట రాస్తే చాలు. సైక్లోన్ అని రాయకండి, అది గాలి లెక్క. ఉప్పెన అని రాయండి. పిల్లలకు ఆ గీత చూపించి, హెచ్చరిక వచ్చిన రోజున దీనికంటే ఎత్తుకు వెళ్లాలని చెప్పండి.

ఖర్చు ఒక సుత్తి, ఒక ఉలి, ఒక పూట కూలి. వచ్చే ఏటి ఉపన్యాసానికి ముందు ఒక్క ఊళ్లోనైనా ఆ పని జరిగితే, మాస్టారి పేరుమీద కలిసినందుకు ఫలితం దక్కినట్టే.